చెవిలో జోరీగ

కౌన్సెలరమ్మకు పుట్టుకతో చూపు లేదు. భార్యాభర్తల తగాదాలు విని ఒక దారికి తేవడం ఆమె ఉద్యోగం. ఆఫీసువాళ్లు ఆమెకు ఒక్క యంత్రం కొనిస్తామన్నారు: తెరమీది రాతను చెవిలో చదివి వినిపించే ల్యాప్‌టాప్, లేదా పుస్తకమంత ఉండే బ్రెయిలీ పరికరం. ఏది తీసుకుంటే ఇక ఏళ్ల తరబడి దానితోనే కాపురం. రెండూ వాడి చూసి చెప్పమన్నారు.

ముందు ల్యాప్‌టాప్ వచ్చింది. ఎడమ చెవిలో ఇయర్‌ఫోన్, కుడి చెవికి మనుషులు. గొంతు వేగం పెంచితే ఫైలు చిటికెలో అయిపోయేది. ఆఫీసులో పెద్దసారు మురిసిపోయాడు. ఇంట్లో ఆమె మొగుడు మాత్రం ఆ గొంతుకు జోరీగ అని పేరు పెట్టాడు. "నేనేం చెప్పినా ఒక చెవితోనేగా వినేది!" అని దెప్పేవాడు. ఆమె నవ్వి ఊరుకునేది. మనసు దానివైపే మొగ్గింది.

తర్వాత బ్రెయిలీ పరికరం. దానిమీద ఒక్క వరుస చుక్కలే వేలి కింద లేస్తాయి. అది తడిమి, మీట నొక్కితే తర్వాతి వరుస. "నత్తనడక," అన్నాడు పెద్దసారు. అందులో అబద్ధమేమీ లేదు. ఆయనకు ఫైళ్లు కదిలితే చాలు, లోపల ఎవరు ఏడ్చినా ఒకటే.

ఆ వారమే ఒక పాత జంట సంతకాలకు వచ్చింది. విడిపోవడానికి పోయినసారే, ల్యాప్‌టాప్ ఉన్న రోజుల్లో, ఇద్దరూ ఒప్పుకున్నారు. కౌన్సెలరమ్మ ఒప్పందాన్ని వేలితో తడుముతూ పైకి చదివింది. "పాప తండ్రి దగ్గర ఉంటుంది" అన్నచోట ఆ భార్య ఊపిరి పీల్చి ఆపేసింది. చెవిలో జోరీగ లేదు కాబట్టి కౌన్సెలరమ్మకు అది వినబడింది.

"ఏదో చెప్పబోయారమ్మా?"

"ఏం లేదండీ."

"ఫర్వాలేదు, చెప్పండి."

"పోయినసారే చెప్పానండీ, పిల్లని ఇవ్వనని. గట్టిగా అనలేకపోయా. మీ చెవిలో అదేదో మాట్లాడుతోందిగా... విని కూడా ఊరుకున్నారేమో అనుకున్నా."

కౌన్సెలరమ్మకు తల కొట్టేసినట్టయింది. ఆ భర్తను కాసేపు బయట కూర్చోమంది. సంతకాలు ఆగిపోయాయి.

సాయంత్రం పెద్దసారు వచ్చాడు. "ఇవాళ ఒక్క ఫైలూ ముగియలేదటగా. ఇంతకీ ఏది తీసుకుంటారు?"

"ఈ నత్తనే సార్."

"చెవులు బాగానే పనిచేస్తున్నాయిగా! వేళ్లతో ఎందుకీ తంటాలు?"

"నా చెవులు ఇక్కడికొచ్చేవాళ్లకి కావాలి సార్," అందామె. "రెండూ."