అనివార్య కారణాల వల్ల

ఏడో తరగతి గదిలో హాజరు పిలుస్తున్నాను, మూడో బెంచీలో తెల్లటి సూటు తొడుక్కుని అటు తిరిగి కూర్చున్న మనిషి మాత్రం పలకడం లేదు. వీపు మీద స్కెచ్ పెన్నుతో "సలోమి, స్టాఫ్ నర్సు" అని రాసి ఉంది. కరోనా రోజుల్లో ఆ సూట్లలో ఎవరు ఎవరో తెలియక నర్సులు ఒకరి వీపు మీద ఒకరు పేర్లు రాసుకునేవారు. నా భార్య సలోమి పోయి మూడేళ్లయిందని నాకు తెలుసు, అయినా హాజరు వేస్తున్నాను, వేస్తుండగానే బెంచీలు మంచాలవుతున్నాయి, నల్లబల్ల పక్కన ఆక్సిజన్ సిలిండర్ బుసకొడుతోంది, పిల్లలంతా బోర్లా పడుకుని పాఠం వింటున్నారు.

వాటర్ బెల్ మోగుతుంది. పిల్లలు లేచి సీసాలెత్తి గటగటా తాగుతారు. సలోమి తాగదు.

"తాగు," అంటాను.

"తాగితే బాత్రూముకెళ్లాలి, వెళ్తే సూటు విప్పాలి, విప్పితే ఇంకోటివ్వరు. మూడు నెలలు ఇదే పాఠం చెప్పాను కదా మాస్టారూ, మీకెక్కలేదా?"

ఎగతాళికైనా ముద్దుకైనా ఆమెకు నేను మాస్టారినే. ఇటు తిరుగుతుంది. కళ్లద్దాల లోపల ఆవిరి పట్టి ముఖం కనిపించదు, చేతిలో నాలుగు మడతల కాగితం మాత్రం కనిపిస్తుంది, అదేమిటో విప్పకుండానే నాకు తెలుసు.

"ఫెయిర్ కాపీ రాయలేదండీ. తీరిక దొరకలేదు."

అది ఆమె సెలవు చీటీ. 'నిద్ర లేదు. చేతులు వణుకుతున్నాయి. నిన్న చనిపోయినావిడ పేరు గుర్తు రావడం లేదు. పది రోజులు ఇప్పించండి' అని రాసి, ఒకసారి చూసిపెట్టమంది. చూశాను. ప్రతి వాక్యాన్నీ ఎర్ర సిరాతో కొట్టేసి, పైన 'అనివార్య కారణాల వల్ల' అని రాసి, ఇది అర్జీలా లేదు, ఏడుపులా ఉంది అన్నాను. ఇలాంటప్పుడు నర్సే సెలవడిగితే నలుగురూ ఏమనుకుంటారు, కాస్త తగ్గాక ఇద్దువులే అని కూడా అన్నాను. ఆమె కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది. తొమ్మిదో రోజున అదే వార్డులో ఆమెకే మంచం వేశారు.

"ఇలా ఇవ్వు," అంటాను, "నేనే తీసుకెళ్లి ఇస్తాను. నీ మాటలే ఉంచుతాను."

వరండా వెంట నడుస్తున్నాం, బడి వరండాయే, ఎంత నడిచినా ఆఫీసు గది రాదు.

"ఎవరికిస్తారు? సూపరింటెండెంటు గారు మీటింగులో ఉన్నారుగా, నాకు శాలువా కప్పడానికి. నేను లేనని మీకు కప్పారంట. వెచ్చగా ఉందా?"

"బీరువాలో ఉంది."

"ఉండనివ్వండి, చలికాలానికి పనికొస్తుంది. చప్పట్లయితే దాచుకోవడానికీ రావు."

ఆమె నవ్వుతుంది, నవ్వు దగ్గులోకి జారుతుంది, దగ్గు ఆగాక మెల్లగా అడుగుతుంది: "ఒక్కటి చెప్పండి మాస్టారూ. ఆ చీటీలో అబద్ధమేముందని కొట్టేశారు?"

చెప్పడానికి నోరు తెరుస్తాను, మళ్లీ బెల్ మోగుతుంది, ఆమె వీపు మీద పేరు చెమటకు అలుక్కుపోతుంది.

బెల్ నిజంగానే మోగుతోంది. స్టాఫ్ రూములో, మిట్టమధ్యాహ్నం, దిద్దాల్సిన పుస్తకాల మీద తల వాల్చి నిద్రపోయాను. చేతిలో ఎర్ర పెన్ను మూత తీసే ఉంది. చెంప కింద ఏడో తరగతి నాగవేణి సెలవు చీటీ: 'అమ్మకి జ్వరం సార్, నాకు రాత్రంతా నిద్ర లేదు, రేపు రాలేను.'

కునుకు పట్టకముందే ఆ వాక్యాన్ని కొట్టేశాను. పైన, నా గుండ్రటి చేతిరాతలో, 'అనివార్య కారణాల వల్ల' అని ఉంది.