మొహం తిప్పుకున్న మగాళ్ళు

మా ఊళ్ళో మర్యాదకేం కొదవలేదు. పొరపాటున మనం ఎవరి కాలైనా తొక్కితే వాళ్ళే మనకు క్షమాపణ చెబుతారు. ఆ మర్యాదే ఆర్డిత్ ప్రాణం మీదికి తెచ్చిందని నేనంటే ఇప్పటికీ కొందరికి గిట్టదు. గిట్టకపోతే పోనీ.

ఫిబ్రవరిలో ఒక శనివారం మధ్యాహ్నం కర్లింగ్ క్లబ్బులో మా ఆడవాళ్ళ జట్టుకీ పక్క ఊరి జట్టుకీ పోటీ. మా నాయకురాలు ఆర్డిత్. ఈ ఆటలో మేం మంచు మీద బరువైన రాయి జార్చి, అది దూరం సాగేలా దాని ముందు చీపుళ్ళతో ఊడుస్తూ పోతాం; అది ఎక్కడ ఆగాలో అటు చివర నిలబడి అరిచి చెప్పడం ఆమె పని. ఆమె అరుపుకి రాయి కూడా హడలి ఆగుతుందని మా వేళాకోళం.

"వెర్నా! ఊడవవే! నిద్రపోతున్నావా, గట్టిగా..."

నా మీద అరుపు సగంలో ఆగింది. తలెత్తి చూస్తే ఆర్డిత్ మంచు మీద వెల్లకిలా పడి ఉంది. కాలు జారిందనుకుని నవ్వబోయాను. దగ్గరికెళ్ళేసరికి మొహం బూడిదరంగుకి తిరిగింది. ఊపిరి లేదు. మోకాళ్ళ మీద కూలబడి ఛాతీ నొక్కడం మొదలుపెట్టాను. ఎవరో ఆంబులెన్సుకి ఫోన్ చేశారు కానీ, ఆ మంచు రోడ్ల మీద అది ఎప్పటికి చేరుతుందో అందరికీ తెలుసు. ఆమె మొగుడు ఓర్వల్ ఆగిన గుండెకి కరెంటు షాకిచ్చే పెట్టెని గోడ మీంచి తీసుకుని పరిగెత్తుకొచ్చాడు. దాన్ని వాడడం క్లబ్బులో నేర్పినప్పుడు అందరికంటే బాగా నేర్చుకున్నది అతనే.

మూత తియ్యగానే పెట్టె మాట్లాడింది. "రోగి ఛాతీ మీద బట్టలన్నీ తీసేయండి." దానికేం తొందర లేదు.

ఓర్వల్ ఆమె స్వెటరు పైకి జరిపాడు. కింద జాకెట్టు, దాని కింద బ్రా పట్టీ. అక్కడ అతని చెయ్యి ఆగిపోయింది. చుట్టూ సగం ఊరుంది. పాస్టరు గారు, బస్సు డ్రైవరు, మా బావగారు. వాళ్ళేం చేశారనుకున్నారు? ఒక్కొక్కరే వీపులు తిప్పి, కోట్లు విప్పి అడ్డంగా పట్టుకున్నారు.

"బట్టలన్నీ తీసేయండి," అంది పెట్టె మళ్ళీ.

"కత్తిరించు, ఓర్వల్!" అన్నాను నొక్కుతూనే.

"ఇంతమందిలోనా? తనకి సిగ్గు, వెర్నా. లేచాక నన్ను చంపేస్తుంది."

"ముందు లేవనివ్వవయ్యా మహానుభావా! ఇటొచ్చి నువ్వు నొక్కు!"

పెట్టెలో కత్తెర లాక్కుని అన్నీ పరపరా కత్తిరించేశాను. కుడి భుజం కింద ఒక షాకు ప్యాడు, ఎడమ చంక కింద ఇంకొకటి అంటించాను. ఎవరూ ముట్టుకోవద్దంది పెట్టె. ఆర్డిత్ ఒళ్ళు ఒక్కసారి ఎగిరిపడింది. మళ్ళీ నొక్కాం. కాసేపటికి ఆమె మూలిగింది. ఆ మూలుగు విని నేను చిన్నపిల్లలా ఏడ్చాను.

మంచు కరిగే రోజులకి ఆర్డిత్ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చింది. నేను చూడ్డానికి వెళితే, మొదట అడిగింది ఇదే.

"నన్నలా ఎంతమంది చూశారే?"

"ఒక్కరూ చూళ్ళేదు. మగాళ్ళంతా అటు తిరిగి నిలబడ్డారు." సంతోషిస్తుందనుకున్నాను.

"అంటే మర్యాదగా చావనిచ్చేవాళ్ళన్నమాట. ఓర్వల్ కూడానా?"

అబద్ధం చెప్పాలనిపించింది. నోరు రాలేదు. "అతనికి చెయ్యాడలేదు, ఆర్డిత్."

ఆమె మొహం అటు తిప్పుకుంది. నాకు భయమేసింది. ఇన్నేళ్ళ కాపురం ఈ ఒక్క మాటతో విరుగుతుందేమోననిపించింది.

ఆ నెలలోనే క్లబ్బులో మళ్ళీ శిక్షణ పెట్టారు. బల్ల మీద ప్లాస్టిక్ బొమ్మ. చదును ఛాతీ, ఒంటి మీద నూలుపోగు లేని మగ బొమ్మ. దానిమీద నేర్చుకున్నవాళ్ళకి ఆడదాని బట్టల దగ్గర చెయ్యి ఆగదా మరి? ఆర్డిత్ చేతిసంచితో లోపలికొచ్చింది. అందులోంచి తన బ్రా, తన జాకెట్టు తీసి బొమ్మకి తొడిగింది. మగాళ్ళ చూపులు కప్పు మీదికి పోయాయి.

"పైకేం చూస్తారు పాస్టరు గారూ? దేవుడికి ఇవాళ పన్లేదు. ఇటు చూడండి."

కత్తెర ఓర్వల్ చేతిలో పెట్టింది. "నేనే అనుకో."

ఓర్వల్ వణుకుతూనే కత్తిరించాడు. జాకెట్టు రెండుగా విడిపోయేసరికి అతని గడ్డం కన్నీళ్ళతో తడిసిపోయింది. "నువ్వు చచ్చిపోతున్నావని తెలుసు. అయినా చెయ్యి కదల్లేదు."

"తెలుసులే." ఆర్డిత్ సంచిలోంచి ఇంకో జత తీసి బొమ్మకి తొడిగి గుండీలు పెట్టింది. "బీరువా ఖాళీ చేసుకొచ్చాను. వణుకు ఆగేదాకా కత్తిరించు."