పేరులో దాచిన గౌరవం

సోమవారం పొద్దున్నే లుటీషా పెట్‌వే తన కొడుకు సైనిక దుస్తులు ఇస్త్రీ చేసింది. ఆ పనిలో ఆమెది అందె వేసిన చెయ్యి. ముప్పై ఏళ్లుగా మా ఊరి తెల్లవాళ్ల చొక్కాలన్నీ ఆమె చేతి మీదుగానే తయారవుతున్నాయి. అయినా ఆ ఇళ్లలో ఒక్కరు కూడా ఆమెను మర్యాదగా పిలిచిన పాపాన పోలేదు.

అమెరికా దక్షిణాన జార్జియాలో అప్పటి రివాజు అది. నల్లవాడు తాత వయసువాడైనా "ఏరా అబ్బాయ్" అనే పిలుపు. అతని పేరు ముందు "మిస్టర్" అంటే తెల్లవాడి నాలుక పుచ్చిపోతుందేమో మరి! అందుకే కొడుకు పుట్టినప్పుడు లుటీషా ఒక ఉపాయం పన్నింది. పిల్లవాడి పేరే మిస్టర్ అని పెట్టింది. ఇక చచ్చినట్టు అలాగే పిలుస్తారని ఆమె నమ్మకం. వాళ్లు ఆమె కంటే రెండాకులు ఎక్కువే చదివారు. మగజింక అని అర్థం వచ్చేలా "బక్" అని పిలవడం మొదలుపెట్టారు.

ఆ పేరు పనికొచ్చింది సముద్రాల అవతలే. రెండో ప్రపంచ యుద్ధంలో, ఇటలీ కొండల్లో, మంచులో, తూటాల వర్షంలో మిస్టర్ పెట్‌వే ఇద్దరు గాయపడ్డ సైనికులను భుజాన మోసుకొచ్చాడు. వాళ్లను తన నేలమాళిగలో దాచిన ముసలమ్మ అతని పేరు విని "సిన్యోర్ మిస్టర్" అంటూ రొట్టె పెట్టింది. సిన్యోర్ అన్నా వాళ్ల భాషలో మిస్టర్ అనే అర్థం. పరాయి దేశంలో ఒకటికి రెండు గౌరవాలు దక్కాయి. యుద్ధం ముగించుకుని సొంత ఊరికి వస్తే, పతకం పెట్టుకున్నవాణ్ణి బస్సు డ్రైవరు వెనక సీట్లోకి పొమ్మన్నాడు.

ఓటు కావాలని అతను కందకాల్లోనే నిశ్చయించుకున్నాడు. ఆ సోమవారం తల్లిని వెంటబెట్టుకుని కోర్టు భవనానికి వెళ్లాడు. ఓటర్ల పుస్తకం ముందు కూర్చున్న గుమాస్తా డెల్మర్ హాగన్ తొడుక్కున్నది లుటీషా ఇస్త్రీ చేసిన చొక్కాయే.

"పేరేంట్రా?"

"మిస్టర్ పెట్‌వే, సర్."

"నిన్నెలా పిలవాలో అడగలేదు. పేరడిగాను."

పెట్‌వే సైన్యం ఇచ్చిన కాగితం చూపించాడు. అందులోనూ అదే పేరు. బల్ల దగ్గరున్న తెల్లవాళ్లు కిసుక్కున నవ్వారు. వాళ్ల ఎదుట ఒక నల్లవాడికి ఆ మాట రాయడం కంటే చావడమే నయమనిపించింది హాగన్‌కు. గొంతు తగ్గించి, బక్ పెట్‌వే అని రాస్తానన్నాడు. సంతకం పెడితే ఓటు వస్తుంది, లేదంటే ఇంటికి పొమ్మన్నాడు.

కలం పెట్‌వే చేతిలోనే ఉంది. కోరుకున్న ఓటు ఒక్క సంతకం దూరంలో ఉంది. అతను తల్లి వైపు చూశాడు. ఆమె తల వంచుకుంది. అతను కలం బల్ల మీద పెట్టేశాడు.

"బక్ అనేవాడెవడూ యుద్ధానికి పోలేదు, సర్. పోయింది నేను."

దారిలో లుటీషా కళ్లు ఒత్తుకుంది. "తప్పు నాదేరా నాన్నా. గౌరవాన్ని పేరులో దాచిపెడితే వాళ్లకు తెలియకుండానే నీకు అందుతుందనుకున్నా. దాచుకుంటే అది దొంగసొత్తయిందే గానీ మనదవలేదు."

ఆదివారం ప్రార్థన ముగిశాక పెట్‌వే జరిగింది జరిగినట్టు చెప్పాడు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన మరో పదిమంది విన్నారు. వాళ్ల సైనిక దుస్తులన్నీ ఆ సాయంత్రమే లుటీషా ఇంటికి చేరాయి.

మరుసటి సోమవారం ఆ బల్ల ముందు వరస కట్టారు. హాగన్ తల ఎత్తకుండానే పేరడిగాడు.

"మిస్టర్ ఐజయా బ్రిమ్."

తరువాతివాడు మిస్టర్ తడియస్ కోల్. ఆ వెనకవాడూ మిస్టరే. అందరికీ ఒకటే పేరా అని హాగన్ విసుక్కున్నాడు. పదకొండో మనిషిగా పెట్‌వే కూడా తన పేరు చెప్పుకున్నాడు. అతని వెనక, అందరికంటే చివర, ఇస్త్రీ పెట్టె వేడికి కాయలు కాసిన చేతులు బల్ల మీద ఆనాయి.

"మిసెస్ లుటీషా పెట్‌వే," అందామె. "నీ చొక్కాలు ఇస్త్రీ చేసే మనిషిని."

ఆ రోజు హాగన్ ఒక్క పేరూ రాసుకోలేదు. వచ్చే సోమవారం మళ్లీ వస్తామని చెప్పి అందరూ బయటికి నడిచారు. మెట్లు దిగుతూ లుటీషా కొడుకు భుజం పట్టుకుని నవ్వింది.

"నీ పేరు ఊరంతా పంచుకుంది కదరా. ఇక నీకు వేరే పేరు వెతకాలి."

చదువరులారా, దేశం కోసం చావడానికి పనికొచ్చినవాడు ఆ దేశంలో మర్యాదగా బతకడానికీ పనికొస్తాడు. ఆ మర్యాదను ఏ తల్లీ తన బిడ్డ పేరులో దాచే అవసరం రాకూడదు. అందాకా పట్టపగలు, పదిమందీ కలిసి, నోరారా అడుగుతూనే ఉండాలి.