జీపు రాడ్లకు పసుపుతాడు

ముందు టైర్లు మళ్ళీ గుండైపోయాయి. రాజాంలో మా షావుకారు మిల్లు ముంగిట జీపు ఆపి, దిగి తడిమి చూశాను. ఒక అంచు రంపంలా గీరుకుంటోంది, రెండో అంచు నున్నగా ఉంది. పోయిన వానల్లో వేసిన టైర్లు! వెనకవాటికైతే గీతలు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి.

కాటా దగ్గర కూచున్న ఎర్రన్న ఊరుకుంటాడా?

"మళ్ళీ తినేసినావేటి సూరయ్యా? సావుకారు అన్నం పెడతన్నారు గదా, టైర్లెందుకు తినడం?" అన్నాడు. బస్తాలు మోసేవాళ్ళంతా పగలబడి నవ్వారు.

ఊరంతా ఇదే మాట. సూరయ్యకు బండి తోలడం రాదట! రంగూన్ నడిబొడ్డున ట్యాక్సీ తోలినవాణ్ణి నేను. నాకు రాకపోవడమేమిటి, వీళ్ళ మొహం! తప్పు నాదీ కాదు, రోడ్డుదీ కాదు. తప్పంతా ఆ ముడిది.

యుద్ధం అయిపోయాక మిలటరీవాళ్ళు విశాఖపట్నంలో బళ్ళు వేలం వేస్తే మా షావుకారు రంగనాథం గారు ఈ జీపు కొన్నారు. ఇది మామూలు కారు కాదు, నాలుగు చక్రాలూ లాగే బండి. గేరు రాడ్డు పక్కన ఇంకో రెండు పొట్టి రాడ్లుంటాయి. ఆ రెంటినీ వెనక్కి లాగి పక్కపక్కన పెడితే నాలుగు చక్రాలూ పని చేస్తాయి. ఇసకలో, బురదలో అలాగే పోవాలి. గట్టి రోడ్డు ఎక్కగానే మాత్రం అందులో ఒకదాన్ని ముందుకు తోసెయ్యాలి. తొయ్యకపోతే మలుపు మలుపుకీ ముందు చక్రాలు ఒక లెక్కన, వెనక చక్రాలు ఒక లెక్కన తిరగాలని చూస్తాయి. ఒకదానికొకటి బిగిసి ఉన్న ఇరుసులు వాటిని అలా తిరగనివ్వవు. ఆ పెనుగులాటంతా టైర్ల మీద పడుతుంది.

కొన్ననాడు దారిలో ఏరు దాటించి తెచ్చాను కాబట్టి రాడ్లు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. షావుకారు గారి భార్య తాయారమ్మ గారు హారతి పళ్ళెంతో వచ్చి దిష్టి తీశారు. లోపలికి తొంగి చూసి, "ఓలమ్మా, ఈ రెండూ ఆలూమగల్లాగ ఎలగ నిలబడ్డాయో సూడండి!" అన్నారు. పసుపుకొమ్ము కట్టిన దారం తెప్పించి, రెంటినీ కలిపి మూడు ముళ్ళు వేసేశారు.

"ముళ్ళు మగోడు గదే వెయ్యాల!" అన్నారు షావుకారు.

"ఎప్పుడూ మీరేనేటి? ఈపాలి నాను కడతాను" అన్నారావిడ. మిల్లంతా నవ్వింది, నేనూ నవ్వాను. రెండ్రోజులు ఆగి మెల్లిగా విప్పేద్దాంలే అనుకున్నాను.

ఆ వారమే ఆవిడకు జ్వరం తగిలింది. మరి లేవలేదు. దినాలన్నీ అయ్యాక బండి బయటకు తీసి, ముడి మీద చెయ్యి వేశాను. షావుకారు నా మణికట్టు గట్టిగా పట్టుకుని, "వద్దు" అన్నారు.

అప్పట్నుంచీ ఇంతే. గట్టి రోడ్డు మీద కూడా నాలుగు చక్రాలూ లాగుతూ, బండి మూలుగుతూ పోతుంది. ఆయన నా పక్కన కూచుంటారు. మా ఇద్దరి మధ్యా ఆ ముడి. విజయనగరం దాకా ఒక్క మాట ఉండదు. పోనీ, ఇంటికి పోతే నాతో మాట్లాడేందుకు ఎవరున్నారు గనక? పొయ్యి వెలిగిస్తే వెలిగినట్టు, లేకపోతే లేదు. ఒక్కోసారి ఆ మూలుగే నయమనిపించేది.

కానీ టైర్లంటే సంతలో వంకాయలా? ఇక తేలేనని టైర్ల కొట్టు లక్ష్ముడు చేతులెత్తేశాడు. మిగిలింది స్టెప్నీ ఒక్కటే. అదీ పోతే జీపులో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటాయి. ఈ జీపు ఉంది కాబట్టే ఆయన గడప దాటుతున్నారు. నాకూ ఈ సీటు తప్ప వేరే చోటు లేదు.

ఎర్రన్న ఎగతాళి చేసిన మర్నాడు విజయనగరం బయల్దేరాం. చీపురుపల్లి దాటాక ముందు టైరు ఢామ్మని పేలింది. బండి గట్టు మీదికి ఎక్కి ఆగింది. దెబ్బలేమీ తగల్లేదు గానీ నాకు ఒళ్ళు మండిపోయింది.

"సంపేస్తాది బాబూ ఈ ముడి మనిద్దర్నీ! స్టెప్నీ ఏసి ఇలగే తోలితే అదీ అరిగిపోతాది. ఇంక బండి నేదు, ఏటీ నేదు. ఇప్పండి!" అని అరిచేశాను. ఆయన మీద నేను గొంతు లేపడం అదే మొదలు.

ఆయనకు కోపం రాలేదు. గట్టు మీద కూలబడ్డారు.

"నాకు తెలుసురా. మొగుడు పోతే ఆడదాని మెళ్ళో తాడు తీసేస్తారు. ఏడుస్తాది, గానీ తీయడానికంటూ ఒకటి ఉంటాది. మగోడికి ఏటున్నాది తీయడానికి? నాకు ఇదే ఉన్నాది."

జాకీ ఎత్తి చక్రం మార్చడం మొదలుపెట్టాను. రంగూన్ నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఆయన దగ్గరే ఉన్నాను. ఎన్నడూ అడగని మాట అప్పుడు అడిగారాయన.

"మీ ఇంటిది ఏటయినాది సూరయ్యా?"

"రంగూన్ మీద బాంబులు పడితే కొండల్లోంచి నడిసొచ్చేం గదా బాబూ. అసిరమ్మ దార్లో పోనాది."

బోల్టులు బిగించుకున్నాను.

ఆయన లేచి బండెక్కారు. ముడి ఎండి బిగుసుకుపోయింది. గోళ్ళతో గీకారు, రాలేదు. వంగి పళ్ళతో లాగారు. నేను మొహం తిప్పుకున్నాను. కాసేపటికి, "తొయ్యి" అన్నారు. దారం ఆయన గుప్పిట్లో ఉంది. నేను ఎక్కి రాడ్డు ముందుకు తోశాను.

బండి కదిలింది. మూలుగు లేదు. స్టీరింగు అలా పట్టుకుంటే చాలు, తిరిగింది. ఇంత హాయిగా పోయే బండినా ఇన్నాళ్ళూ తిట్టుకుంటూ తోలాను అనిపించింది.

కొంతదూరం పోయాక పక్కన వెక్కిళ్ళు వినిపించాయి.

"ఇంత తేలిగ్గా పోతాదేట్రా సూరయ్యా? అది నేకపోతే ఇంత తేలిగ్గా పోతాదా?"

ఊరుకోండి బాబూ అనడానికి బదులు బండి పక్కకు తీసి ఆపాను.

"అసిరమ్మని ఈపున మోసుకొచ్చేను బాబూ. కొండెక్కేక ఊపిరి నేదని తెలిసినాది. అయినా దించనేదు, సాలా దూరం మోసేను. కూడా వచ్చినోళ్ళు తిట్టి దింపించినారు. దించేసి మళ్ళీ నడిసేను. ఒళ్ళు ఎంత తేలికైపోనాదో! ఆ తేలిక ఇప్పటికీ పోనేదు బాబూ. కూకున్నా, తొంగున్నా, ఈపు మీద ఏటీ నేదని తెలస్తానే ఉంటాది."

ఆయన కళ్ళు తుడుచుకోలేదు. దారం ఉన్న గుప్పిట అలాగే బిగించి, రెండో చెయ్యి నా వీపు మీద వేశారు. బరువుగా ఉంది. తియ్యమని నేను అనలేదు.