వెలిగే జరీ

రెండువేల ఆరులో సీతమ్మధారలో ఉండే ధనశ్రీకి ఓ పిచ్చి పట్టింది. ఇంట్లోనే మగ్గం వర్కు చేసే మనిషి. డాన్సు జాకెట్టు మీద నెమలిని కుట్టి, దాని కంట్లో చిన్న ఎల్‌ఈడీ బల్బు వెలిగించాలనుకుంది. వైరు కనబడితే నెమలికి పలుపుతాడు కట్టినట్టుంటుందని, బిళ్ల బ్యాటరీ నుంచి కంటిదాకా జరీదారమే కుట్టింది.

నెమలి కన్ను తెరిస్తే ఒట్టు! బల్బు మార్చింది. పూర్ణా మార్కెట్‌కి పోయి కొత్త బ్యాటరీ తెచ్చింది. చివరికి విసుగెత్తి, పాత పట్టుచీర పీలికలోంచి ఓ జరీ పోగు లాగి కలిపితే కన్ను ఠక్కున వెలిగింది. అసలు జరీలో లోహం ఉంటుంది, కరెంటు పారుతుంది. తను కొన్న రీలంతా బంగారు రంగేసిన ప్లాస్టిక్కు!

సంగతి వీధిలో పొక్కింది. మర్నాడు ఆడవాళ్లంతా పెళ్లిచీరలతో అరుగెక్కారు. ధనశ్రీ బల్బు తగిలించిన బ్యాటరీ తీగల కొసలు రెండూ జరీ అంచుకి ఆనించేది. బల్బు వెలిగితే చప్పట్లు, వెలగకపోతే మూతి విరుపులు.

అత్తగారు కాంతం దర్జాగా తన చీర తెచ్చింది. "నా పెళ్లికి మా బాబు కొన్న అసలు జరీ, సూడండర్రా!" ఆ జరీ గొప్ప వినని గడప ఆ వీధిలో లేదు.

బల్బు వెలగలేదు. ధనశ్రీ మడత చాటున బొటనవేలితో తీగలు రెండూ కలిపి నొక్కేసింది. బల్బు వెలిగింది.

"నాను సెప్పలేదేటి!" అంది కాంతం, చప్పట్ల మధ్య.

తర్వాత పక్కింటి కొత్త కోడలు ఆశాజ్యోతి చీర. అదీ వెలగలేదు. ఆ పిల్ల మొహం చిన్నబోయింది. కాంతం కోడలి చెవి దగ్గరికి వంగింది.

"ఒలే, నాకెట్టిన బొటనేలు ఈ పిల్లక్కూడా ఓపాలి పెట్టవే."