పళ్ళెంలో తాళంచెవి

ఫ్లైఓవర్ మీద సగం ఎత్తు ఎక్కాక ఆరోన్ ఆటో ఆగిపోయింది. చప్పుడు లేదు, పొగ లేదు. ఆ కరెంటు బండి నడిచినప్పుడూ చప్పుడు చేయదు, చచ్చినప్పుడూ చేయదు. హ్యాండిల్ దగ్గర వెలిగే అంకె పద్దెనిమిది శాతం నుంచి ఒక్క ఉదుటున సున్నాకి పడింది, అంతే. మే నెల మిట్టమధ్యాహ్నం. కింద కృష్ణలో ఇసుక మేటలు కళ్ళు పొడిచేలా మెరుస్తున్నాయి. వెనక లారీవాడు హారన్ మీద నుంచి చెయ్యి తీయడం లేదు.

వెనక సీట్లో పెద్దింట్లమ్మ కూర్చుని ఉంది. కొల్లేటి మనిషి. తెల్లారుజాము బస్సులో చేపలు తెచ్చి, గవర్నర్‌పేటలో సగం అమ్ముకుని, మిగిలిన కొరమేనుల్ని భవానీపురంలో వాడిక ఇళ్ళకు వేస్తుంది. ఆమె కాళ్ళ మధ్య సత్తు బేసిన్, అందులో నీళ్ళు, నీళ్ళలో ప్రాణాలతో చేపలు.

"ఏందయ్యా, మళ్ళీనా?" అంది.

"రెండు నిమిషాలమ్మా. కాస్త చల్లబడితే కదులుద్ది."

"ఈ ఎండలో ఏడ చల్లబడుద్ది? మా దోనె నయం, గెడ వేసినంతసేపూ పోద్ది. నీళ్ళు వేడెక్కితే ఇయ్యి వెల్లకిలా తేల్తయ్. సచ్చిన కొరమేనుని ఎవురు కొంటారు చెప్పు?"

ఆరోన్ దిగి భుజం పెట్టి తోశాడు. ఎత్తు కదా, బండి అతన్నే వెనక్కి నెట్టింది. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. అప్పుడు వెనక నుంచి ఒక గ్యాస్ ఆటో వచ్చి పక్కన నెమ్మదించింది. తోలుతున్నది పుల్లయ్య. ఏమీ అడగలేదు. ఆరోన్ ఎక్కి హ్యాండిల్ పట్టుకోగానే, తన కాలు బయటికి చాపి ఆరోన్ బండి వెనక ఆనించి, తన ఇంజను జోరు పెంచాడు. రెండు బండ్లూ కదిలాయి. బెజవాడలో ఆటోవాడికి ఆటోవాడు చేసే సాయం అది. అడగక్కర్లేదు, చేసినందుకు మెచ్చుకోనూ అక్కర్లేదు.

పుల్లయ్యకు అరవై దగ్గర పడ్డాయి. ఆ గ్యాస్ ఆటో అద్దెది, రోజుకు మూడు వందలు కట్టాలి. ఆయన సొంత కరెంటు బండి నాలుగు నెలలుగా ఇంటి ముందు పట్టా కింద పడి ఉంది. సాయంత్రమైతే కోళ్ళు అందులో ముడుచుకుంటాయి. ఆ బండిని ఆయన కొన్నది ఆరోన్ మాట విని. ఒక్క తిట్టు తిట్టినా ఆరోన్‌కు ప్రాణం తేలిక పడేది. పుల్లయ్య తిట్టడు. అందుకే ఆరోన్ అద్దంలో ఆ ముఖం కనపడకుండా చూపు తిప్పుకున్నాడు.

భవానీపురంలో దిగేసరికి రెండు చేపలు తేలిపోయి ఉన్నాయి. పెద్దింట్లమ్మ వాటిని తీసి కొంగుతో తుడిచి పక్కన పెట్టుకుంది. ఎనభై రూపాయలూ పూర్తిగానే ఇచ్చి, "ఏమనుకోమాక అబ్బాయా, రేపట్నుంచి గ్యాసు బండే ఎక్కుతా," అని బేసిన్ నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది. అనుకోవడానికేముంది, న్యాయమే కదా.

ఆరోన్ ఉండే పేటలో చర్చి ఉంది. ఆ చర్చిలో సాక్ష్యం చెప్పడమంటే ఏమిటో అక్కడ పుట్టినవాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు. జబ్బు నయమైనా, పిల్లవాడికి సీటు వచ్చినా, తాగుడు మానినా, ఆదివారం ఆరాధనలో లేచి మైకు ముందు నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాలి. ఆ మాటకు బాండు పేపరు అక్కర్లేదు, హామీ సంతకం అక్కర్లేదు. దేవుడి ఎదుట చెప్పిన మాట కాబట్టి అందరూ నమ్ముతారు. నమ్మే చోట సరుకు బాగా అమ్ముడవుతుందని కనిపెట్టిన మహానుభావుడు లాజరు.

లాజరు సంఘ పెద్ద, ఆటో స్టాండు యూనియన్‌కూ పెద్ద. ఆరోన్ తండ్రి పోయినప్పుడు శవపెట్టెకు ముందు భుజం పెట్టిందీ ఆయనే, ఆరోన్‌కు లైసెన్సు ఇప్పించిందీ ఆయనే. పోయినేడు చర్చి పక్క ఖాళీ స్థలంలో ఒక ఆటోల షోరూమ్ వాళ్ళ చేత సోలార్ షెడ్డు వేయించాడు. పైన నల్లటి పలకలు, కింద వరసగా ప్లగ్గులు. "ఎండ దేవుడిది, షెడ్డు మనది. ఇంక బంకులో క్యూ కట్టే పని లేదు," అన్నాడు. మొదటి బండి ఆరోన్‌కి ఇప్పించాడు. కానుకల పళ్ళెం ముందుకు తెస్తే, ఆరోన్ తన తండ్రి నడిపిన గ్యాస్ ఆటో తాళంచెవి అందులో వేశాడు. కొత్త తాళంచెవి తీసుకుని, నాలుగు రోజులు నడిపి, ఆ వచ్చే ఆదివారం సాక్ష్యం చెప్పాడు. ఎండలో మాడిన నా వీపుకి ఆ ఎండే కూడు పెడుతోందని చెప్పాడు. జనం కళ్ళు తుడుచుకున్నారు. పుల్లయ్యతో పాటు మరో పదిమంది పాత తాళాలు పళ్ళెంలో వేశారు. పాత బండ్లన్నీ తుక్కు దుకాణంలో ముక్కలయ్యాయి.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని ఊరికే అన్నారా? ఎండ పగలు కాస్తుంది, ఆటోలు పగలు రోడ్డు మీద ఉంటాయి. చీకటి పడ్డాక ఇవి తిరిగొచ్చేసరికి షెడ్డులో కరెంటు ఉండదు. పగటి కరెంటును దాచే పెద్ద బ్యాటరీలు వచ్చే నెల పెడతామన్నారు. ఆ వచ్చే నెల ఇంకా రాలేదు. షెడ్డుకు రాత్రి పూట లైను లాగాలంటే కొత్త ట్రాన్స్‌ఫార్మర్ కావాలన్నారు, దాని ఖర్చెవరిదో తేలలేదు. పగలు పుట్టిన కరెంటు మాత్రం వృథా పోలేదు. షోరూమ్ యజమాని రామకోటేశ్వరరావు గారి అద్దె కార్లు తాగుతున్నాయి. పెట్రోలూ తాగి కరెంటూ తాగే రెండు నోళ్ళ కార్లవి. ఆటోవాళ్ళు ఇళ్ళ నుంచి వైర్లు లాక్కుని మామూలు ప్లగ్గుల్లో ఛార్జింగ్ పెట్టుకున్నారు. ఏడాది తిరక్కుండా బ్యాటరీలు చచ్చాయి. గ్యారెంటీ అడిగితే, షెడ్డులో కాకుండా ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన బండికి గ్యారెంటీ లేదు పొమ్మన్నారు. ఇందులో ఎండ చేసిన తప్పేమీ లేదు. అది రోజూ చెప్పిన వేళకే వచ్చింది.

పుల్లయ్య కాలు ఆనించి బండిని షెడ్డు దాకా తోసి వెళ్ళిపోయాడు. షెడ్డు నీడలో మూడు కార్లు ప్లగ్గులు తగిలించుకుని ఉన్నాయి. పక్క పంపు దగ్గర బెన్నీ తన గ్యాస్ ఆటోని రుద్ది రుద్ది కడుగుతున్నాడు. కొత్తగా పెళ్ళయినవాడు. పాత బండైనా సొంతది.

"ఆదివారం నాదీ ఇచ్చేస్తన్నా అన్నా," అన్నాడు. "ఇచ్చేదే గదా అని మురికితో ఇవ్వబుద్ధి కాలా. పాడైనయ్యన్నీ ఇంట్లో ఛార్జింగ్ పెట్టబట్టేనంట గదా. అవునన్నా, నీ బండి బానే వస్తందా? నువ్వు చెప్తే ఇంక నాకు డౌటుండదు."

బండి ఎట్లా వచ్చిందో వాడు చూడలేదు. ఆరోన్ సీటు తుడుస్తున్నట్టు వంగాడు. "ఆదివారం మాట్లాడదాంలే," అన్నాడు. ఎదుటివాడి ముఖం చూసి అబద్ధం ఆడలేక, నిజమూ చెప్పలేక అన్న మాట అది.

చర్చి వరండాలోంచి లాజరు చెయ్యి ఊపి పిలిచాడు. తెల్ల చొక్కా మడత నలగలేదు. కుర్చీ చూపించి, మంచినీళ్ళ సీసా అందించాడు.

"మళ్ళీ ఆగిందంటగా. నాకు తెలీదనుకుంటన్నావేమో, నీ బాధ నాకు తెలుసురా అబ్బాయ్. రామకోటేశ్వరరావు గారితో మాట్లాడా. సోమవారం నీ బండికి కొత్త బ్యాటరీ ఎక్కిస్తారు. లక్షా పాతికేలది. నువ్వు పైసా కట్టక్కర్లా."

ఆరోన్‌కు ఒక్క క్షణం ఏడుపు వచ్చినంత పనైంది. "మరి మిగతావాళ్ళకండీ?"

"ముందు నీది కానీ. నిదానంగా అందరికీ చూద్దాం."

"పుల్లయ్య బాబాయిది నాలుగు నెల్ల నుంచి..."

"చెప్పాగా, చూద్దామని." లాజరు గొంతు తగ్గించాడు. "ఆదివారం ఇరవై బండ్లు దిగుతన్నయ్. షోరూమ్ ఆయనా వస్తన్నారు. నువ్వు లేచి రెండు ముక్కలు సాక్ష్యం చెప్పు. పోయినేడు చెప్పినట్టే. నీ నోట వస్తే ఆ మాటకి ఒక ఇది ఉంటది."

"బండి బాగాలేదు గదండీ."

"సోమవారానికి బాగైపోద్ది గదరా. ఒక్క రోజు ముందు చెప్తన్నావ్, అంతేగా. విశ్వాసమంటే అదే."

తండ్రి పెట్టెను మోసిన భుజం అది. ఇన్నాళ్ళూ మోసం చేసింది షోరూమ్ అనుకున్నాడు ఆరోన్. ఇంట్లో మనిషే తడిగుడ్డతో గొంతు కోశాడని ఆ వరండాలో తెలిసింది. కోపం కంటే ముందు సిగ్గు వచ్చింది, ఎందుకో అతనికే అర్థం కాలేదు. నీళ్ళు తాగకుండానే లేచాడు.

సాయంత్రం ఆరోన్ భార్య స్టెల్లా బట్టల హోల్‌సేల్ షాపులో పని ముగించుకుని వచ్చేసరికి ఇంటి యజమానురాలు సంపూర్ణమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. బండి ఛార్జింగ్ కోసం మేడ మీద నుంచి వీధిలోకి లాగిన వైరును చుట్టి మెట్ల మీద పెట్టింది. "ఏమనుకోకు తల్లీ. రాత్రి బోర్డులోంచి కాలిన వాసన వచ్చింది. ఇల్లు తగలబడితే నేనెక్కడికి పోను?" అంది. ఆమె భయమూ అబద్ధం కాదు.

ఆరోన్ జరిగింది చెప్పాడు. స్టెల్లా బియ్యం కడుగుతూ విన్నది.

"చెప్పెయ్," అంది.

"అబద్ధం చెప్పమంటావా?"

"నువ్వు చెప్పకపోతే ఇంకోడు చెప్తాడు. ఆ బ్యాటరీ వాడికి పోద్ది. ఏంజెల్‌ని జూన్‌లో బళ్ళో వెయ్యాలి. కిస్తీ ఆగితే బండి ఎత్తుకుపోతారు. నీ నిజం ఎక్కి తిరుగుతామా మనం?"

"బెన్నీ బండి కడుక్కుంటన్నాడే, ఇచ్చెయ్యటానికి."

స్టెల్లా గిన్నె పొయ్యి మీద పెట్టింది. మంట తగ్గించింది. "నాకెందుకు చెప్పావు ఈ సంగతి," అంది. "చెప్పకుండా ఉంటే సోమవారం సంతోషపడేదాన్ని."

ఆదివారం చర్చి ఆవరణలో ఇరవై ఆకుపచ్చ ఆటోలు బంతిపూల దండలతో వరసగా నిలబడ్డాయి. లోపల ముందు వరసలో రామకోటేశ్వరరావు గారికి మెత్తటి కుర్చీ వేశారు. వెనక గోడవార పుల్లయ్య కూర్చున్నాడు. ఆడవాళ్ళ వైపు స్టెల్లా కొంగు తల మీదికి లాక్కుని, ఏంజెల్‌ను ఒళ్ళో పెట్టుకుంది. పాటలయ్యాయి, వాక్యం అయింది. లాజరు మైకు అందుకుని, "మన సహోదరుడు ఆరోన్ సాక్ష్యం చెప్తాడు," అన్నాడు.

ఆరోన్ ముందుకు నడిచాడు. మొదటి వరసలో బెన్నీ తన పాత తాళంచెవి చేతిలో పట్టుకుని, నమ్మకంగా అతని వైపే చూస్తున్నాడు.

"దేవునికి స్తోత్రం."

"స్తోత్రం," అన్నారందరూ.

"పోయినేడు ఇదే చోట నేనొక సాక్ష్యం చెప్పా. నాలుగు రోజులు నడిపి చెప్పా. ఇప్పుడు ఏడాది నడిపి చెప్తన్నా. ఆ షెడ్డు కింద ఒక్క రాత్రి కూడా మన ఆటోకి కరెంటు రాలా. నా బ్యాటరీ చచ్చింది. పుల్లయ్య బాబాయిది చచ్చింది. గ్యారెంటీ లేదన్నారు. ఇయ్యాల నేను లేచి బాగుందని చెప్తే, రేపు నా ఒక్కడికీ కొత్త బ్యాటరీ..."

మైకు ఆగిపోయింది. పైన ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. ఆరోన్ మైకును కింద పెట్టి గొంతు పెంచాడు.

"నేను చెప్పను. పోయినేడు చెప్పింది కూడా వెనక్కి తీసుకుంటన్నా. నా మాట మీద ఎవరూ బండి ఇవ్వబాకండి."

సాక్ష్యం ముగిస్తే ఆమెన్ అనాలి. ఒక్కరూ అనలేదు. పుల్లయ్య తల వంచుకుని కూర్చున్నాడు, భుజాలు కదులుతున్నాయి. స్టెల్లా ఆరోన్ వైపు చూడలేదు. పిల్ల జుట్టు సర్దుతూ ఉండిపోయింది. రామకోటేశ్వరరావు గారు ఫోన్ తీసి చూసుకున్నారు.

లాజరు మాత్రం తొణకలేదు. మైకు మళ్ళీ పలికింది. "తమ్ముడు ఇబ్బందుల్లో ఉన్నాడు. మనసు నలిగి మాట్లాడాడు. అతని కోసం ఒక్క నిమిషం ప్రార్థన చేద్దాం," అన్నాడు. అలవాటైన తలలన్నీ వంగాయి. తన బతుకును తన కళ్ళ ముందే ప్రార్థనగా మార్చి మూత పెడుతుంటే ఆరోన్ అక్కడే నిలబడి చూశాడు. అంత దగా పడినట్టు అతనికి ఫ్లైఓవర్ మీద కూడా అనిపించలేదు.

ప్రార్థన అయ్యాక లాజరు కానుకల పళ్ళెం పట్టుకుని మొదటి వరస దగ్గరికి వచ్చాడు. వరసలో మొదటివాడు బెన్నీ. పళ్ళెం వాడి ముందు ఆగింది. బెన్నీ లేచి నిలబడ్డాడు. ఒకసారి తలుపులోంచి బయటికి చూశాడు. దండలు వేసిన కొత్త బండ్లకు అవతల, కడిగిన పాత గ్యాస్ ఆటో ఎండలో నిలబడి ఉంది.

"వెయ్ నాన్నా," అన్నాడు లాజరు మెల్లగా.

బెన్నీ గుప్పిట తెరవలేదు.

"వెయ్."

బెన్నీ ఆ గుప్పిట అట్లాగే పట్టుకుని కూర్చున్నాడు. లాజరు ఖాళీ పళ్ళెంతో వాడి ముందు నిలబడే ఉన్నాడు.