పళ్ళెంలో ఒకటి

సంతోషం వస్తే స్నిగ్ధకు కాలు ఒక చోట నిలవదు. ఆ రోజు పొద్దున్నుంచీ తిరువూరులోని వాళ్ళ ఇంట్లో వసారాకీ వంటింటికీ మధ్య గింగిరాలు తిరుగుతూనే ఉంది. అన్న హర్షవర్ధన్ కూతురికి బారసాల మరి. మేనత్త హోదా కొత్త. పైగా పాపకు ఏం పేరు పెడుతున్నారో అన్నా వదినల తరవాత తెలిసింది తనొక్కదానికే. అంత రహస్యాన్ని కడుపులో పెట్టుకుని మామూలు మనిషిలా తిరగడం ఎవరి తరం?

దాచడానికి కారణం ఉంది. స్నిగ్ధ తల్లి సీతారావమ్మ తన అత్తగారి పేరే పెట్టాలంటుంది. వదిన సుధామయి తల్లి కనకలక్ష్మి తన అమ్మ పేరే పెట్టాలంటుంది. ఇద్దరికీ "అలాగే" అని తలూపిన హర్ష, సుధామయి గప్‌చుప్‌గా మూడో పేరు ఎంచుకున్నారు. తండ్రి ఉంగరంతో బియ్యంలో రాసేదాకా పేరు బయటికి రాకూడదన్న పద్ధతి ఎలాగూ ఉంది కదా, దాని చాటున హాయిగా దాక్కున్నారు.

సుధామయి అసలు భయం వేరే. ఆమె తండ్రి రాధాకృష్ణమూర్తి రిటైరైన తెలుగు మాస్టారు. తనకు చెప్పకుండా హర్షను పెళ్ళి చేసుకుందని రెండేళ్ళుగా కూతురితో మాట మానేశాడు. పురిటికి కూడా పిలవలేదు. ఇప్పుడు భార్య పోరు పడలేక విజయవాడ నుంచి వస్తున్నాడు గానీ, "పిల్లను చూసి తిరుగు బస్సెక్కేస్తాను, భోజనానికి ఉండను" అని ముందే ఫోనులో చెప్పించాడు.

"ఆ పేరు పెట్టేటప్పుడు నాన్న ఎదురుగా ఉండాలి స్నిగ్ధా. ముందే బయటపడిందంటే అమ్మలిద్దరూ గొడవకి దిగుతారు. అదే సాకుగా ఆయన లేచి వెళ్ళిపోతారు. అంతే, ఇక ఈ జన్మకి మా ఇంటికి రారు" అంది సుధామయి.

"నాదీ పూచీ వదినా" అంది స్నిగ్ధ గుండె మీద చెయ్యేసుకుని. పూచీ ఇవ్వడంలో ఆమె ఎప్పుడూ వెనకాడలేదు.

స్నిగ్ధ వెబ్‌సైట్లు చేస్తుంది. గంపలగూడెంలో మామిడికాయల వ్యాపారికి ఒకటి, ఊళ్ళో ట్యూషన్ సెంటరుకి ఒకటి చేసింది. వాటిని రాసే పీహెచ్‌పీ అనే కంప్యూటరు భాషను తనంతట తనే నేర్చుకుంది, ఆ సంగతి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతుంది. మేనకోడలి బారసాలకు ఒక పేజీ చెయ్యకుండా ఊరుకుంటుందా? షామియానా కింద పెద్ద టీవీ పెట్టించింది. పైన పాప ఫోటోలు, కింద మూత పెట్టిన వెండి పళ్ళెం బొమ్మ. అన్నయ్య బియ్యంలో రాయగానే తను మీట నొక్కుతుంది, మూత లేస్తుంది, బంగారు రంగు అక్షరాల్లో పేరు మెరుస్తుంది.

పేరును వేరే ఫైల్లో దాచింది. పేజీ మొదట్లోనే ఆ ఫైలును పిలిచి పేరును చేతిలో ఉంచుకోవాలనీ, పళ్ళెం దగ్గరికి వచ్చాక అందులో వెయ్యాలనీ ఆమె ఎత్తు. మిగతా పేజీ అంతా పదిసార్లు సరిచూసుకుంది. పేరు ఫైలును మాత్రం, రహస్యం కదా, ఎవరి కంటైనా పడుతుందేమోనని ఒక్కసారి కూడా నడిపి చూడలేదు. ఆ పొద్దున్నే కలిపింది. అంత జాగ్రత్తపరురాలు మా స్నిగ్ధ!

మాస్టారు దంపతులు అనుకున్నదానికన్నా ముందే దిగారు. కనకలక్ష్మి చెప్పులు విడుస్తూనే మనవరాలి గదిలోకి పరుగెత్తింది. రాధాకృష్ణమూర్తి ఎవరి మొహమూ చూడకుండా షామియానా కిందికి వెళ్ళి, ఖాళీ కుర్చీలన్నీ వదిలేసి, సరిగ్గా టీవీకి ఎదురుగా కూర్చున్నాడు. స్నిగ్ధ తండ్రి ఆదిశేషయ్య కాఫీ పంపితే గ్లాసు పక్కన పెట్టేశాడు.

వెనక నుంచి స్నిగ్ధ ఒకసారి చూసుకుందామని లాప్‌టాప్‌ను టీవీకి తగిలించింది. పేజీ తెరుచుకుంది. అన్నిటికన్నా పైన, ఫోటోలకన్నా పైన, బంగారు రంగు అక్షరాల్లో పాప పేరు!

స్నిగ్ధ ఒక్క గెంతులో టీవీ దగ్గరికి వచ్చింది. చేతికి అందిన చీర, కోడలికి పెట్టడానికి అమ్మ తీసి ఉంచిన పట్టుచీర, లాగి టీవీ మీద పడేసింది. అది పై సగమే కప్పింది. కింది సగంలో, కంగారులో చెయ్యి మీటకు తగిలి మూత లేచిన పళ్ళెం తళతళలాడుతోంది. అందులో ఒక అంకె ఉంది. 1.

అప్పుడే వచ్చిన ఆదిశేషయ్య కళ్ళు చికిలించాడు. "ఇదేంటే? పేరుండాల్సిన చోట ఒకటుందేంటి?"

"అది... ట్రయలు నాన్నా."

"నా మనవరాలు ఇప్పుడే ఫస్టు ర్యాంకా!" అని ఆయన మీసం దువ్వుకున్నాడు.

"టీవీకి ఆ పట్టుచీర కట్టావేంటే దెయ్యమా!" అని సీతారావమ్మ వంటింట్లోంచి కేక పెట్టింది. స్నిగ్ధకు అవేవీ వినపడలేదు. ఆమె కళ్ళు మాస్టారి మీద ఉన్నాయి. ఆయన కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. చీర అంచు వంకే చూస్తున్నాడు.

స్నిగ్ధ లాప్‌టాప్ చంకన పెట్టుకుని వదిన గదిలోకి దూరి తలుపు వేసుకుంది. కనకలక్ష్మి అప్పటికే పెత్తనానికి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"మీ నాన్నగారు చూసేశారేమో వదినా."

సుధామయి ఒళ్ళోని పాపను దగ్గరికి పొదువుకుంది. "అయిపోయింది. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు స్నిగ్ధా! పరీక్ష రిజల్ట్సు నోటీసు బోర్డుకన్నా ముందు వీధిలో చెప్పే మనిషి. అసలెలా వచ్చింది పైకి? పిలిచి చేతిలో ఉంచుకుంటానన్నావుగా?"

"పిలిచాను. చేతిలో 1 పెట్టింది."

అంటూనే స్నిగ్ధకు తట్టింది. ఆ ఫైల్లో పేరును అచ్చు వెయ్యమని తనే రాసింది. పీహెచ్‌పీలో అలాంటి ఫైలును పిలిస్తే, అది వచ్చి మన చేతిలో ఏమీ పెట్టదు. పిలిచిన చోటే, పిలిచిన క్షణమే ఉన్నదంతా కక్కేస్తుంది. ఆ తరవాత పని అయిందని గుర్తుగా ఒక 1 అప్పజెప్పి చక్కా పోతుంది. ఆ 1నే తను భద్రంగా మోసుకొచ్చి వెండి పళ్ళెంలో వేసింది.

"పిలవకుండా ఉండలేం, పిలిచాక ఆపలేం అంటావు. అది కక్కేటప్పుడు కింద గిన్నె పట్టడం కుదరదా?" అంది సుధామయి, పాప పాలు కక్కితే మూతి తుడుస్తూ.

స్నిగ్ధ ఎగిరి వదిన బుగ్గ మీద ముద్దు పెట్టింది. గిన్నె ఉంది! ఓబీ స్టార్ట్ అని రాస్తే అప్పటినుంచి అచ్చయ్యేదంతా తెర మీదికి పోకుండా గిన్నెలో పడుతుంది. తరవాత ఆ గిన్నెను ఎత్తుకుని, ఖాళీ చేసి, కావలసిన చోట కావలసినప్పుడు వడ్డించుకోవచ్చు. పాఠంలో ఆ భాగం తనకు అక్కర్లేదని దాటేసిన సంగతి వదినకు చెప్పలేదు.

కంగారులో గిన్నె ఎత్తే లైను తీసుకెళ్ళి పేజీ చివర పెట్టింది. ఫోటోలు, పళ్ళెం, పేరు అన్నీ గిన్నెలోకే పోయి తెర తెల్లగా సున్నం వేసినట్టు మిగిలింది. "అయ్యయ్యో, పాపను కూడా మింగేసింది!" అని ఇద్దరికీ నవ్వు తన్నుకొచ్చింది. ఏడవాల్సిన సమయంలో వచ్చే నవ్వును ఆపడం ఎవరివల్లా కాదు. పొట్టలు పట్టుకుని నవ్వి, కళ్ళు తుడుచుకుని, స్నిగ్ధ ఆ లైనును పైకి జరిపి పేరు ఫైలు పక్కన పెట్టింది. ఈసారి పైన ఏమీ లేదు. మీట నొక్కితే పళ్ళెంలో పేరు నిండుగా మెరిసింది.

అప్పుడు కిటికీలోంచి మాటలు వినపడ్డాయి. షామియానా కింద అమ్మలిద్దరూ మాస్టారిని చెరోవైపునా చుట్టేశారు.

"మీరు చూశారు. మీ మొహమే చెబుతోంది" అంటోంది కనకలక్ష్మి.

"నేనేమీ చూళ్ళేదు."

"అన్నయ్యగారూ, పోనీ మొదటి అక్షరం చెప్పండి, చాలు" అంది సీతారావమ్మ. రెండేళ్ళలో ఆమె ఆయనతో ఆడిన మొదటి మాట అది.

రాధాకృష్ణమూర్తి ఉలిక్కిపడ్డాడు. "చెల్లెమ్మా, ఏమీ అనుకోకు, నాకు దూరపు చూపు సరిగా ఆనదు" అన్నాడు. ఆ మాట అంటూనే, ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి, పక్కనున్న చల్లారిన కాఫీ తీసుకుని గటగటా తాగేశాడు. స్నిగ్ధ కిటికీ ఊచలు పట్టుకుని చెవి అటే వేసింది. ఆయన చెప్పలేదు. ఇద్దరూ ఎంత గుచ్చి గుచ్చి అడిగినా చెప్పలేదు.

ముహూర్తానికి హర్ష ఉంగరం పట్టుకుని బియ్యం ముందు కూర్చున్నాడు. ఆఖరి అక్షరం పూర్తవగానే స్నిగ్ధ మీట నొక్కింది. మూత లేచింది. కరుణశ్రీ.

చప్పట్లు పడ్డాయి. సీతారావమ్మ, కనకలక్ష్మి ఒకరినొకరు చూసుకున్నారు.

"మీవైపు పేరా వదినగారూ?"

"అబ్బే, మీదనుకున్నానే!"

ఇద్దరూ ఓడిపోయారని తెలిశాక ఇద్దరికీ ఎక్కడలేని స్నేహం కలిసింది. సుధామయి పాప చెవి దగ్గరికి వంగి అందరికీ వినపడేలా మూడుసార్లు ఆ పేరు పలికింది. తరవాత తలెత్తి, "నేను పుట్టినప్పుడు నాన్న నాకు పెట్టాలనుకున్న పేరు ఇది. అప్పట్లో పెద్దవాళ్ళు పెట్టనివ్వలేదు" అంది. మాస్టారు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆదిశేషయ్యకు సందర్భం తెలియదు. "బావగారూ, మీ బస్సు టైమవుతోంది, ఆటో పిలిపించమంటారా?" అన్నాడు మర్యాదగా. షామియానా అంతా గతుక్కుమంది.

"బస్సులదేముంది బావగారూ, పోతూనే ఉంటాయి. ముందు ఆకులు వెయ్యమనండి" అని రాధాకృష్ణమూర్తి లేచి వెళ్ళి పంక్తిలో కూర్చున్నాడు. హర్షను చెయ్యిపట్టి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

స్నిగ్ధ పప్పు వడ్డిస్తూ, సుధామయి నెయ్యి వడ్డిస్తూ ఆయన దగ్గరికి వచ్చారు. స్నిగ్ధ ఇక ఉండబట్టలేకపోయింది.

"మావయ్యగారూ, పొద్దున మీరు చూశారు కదా?"

"చూశానమ్మా. పెద్దక్షరాలు."

"మరి వాళ్ళంత అడిగినా చెప్పలేదేం?"

ఆయన అన్నం కలుపుతూ తల ఎత్తకుండా అన్నాడు. "చదవడమైతే చదివాను. కానీ మా అమ్మాయి గొంతు విని రెండేళ్ళయింది. దాని నోటితో విందామని ఆగాను."

సుధామయి చేతిలోని నెయ్యి గరిటె వంగినది వంగినట్టే ఉండిపోయింది. ఆకు నిండా నెయ్యి పారుతోంది. ఆయన వద్దనలేదు.